కప్పులో కాసింత ఆదరణ

పాస్టరు గడప తొక్కిన ఏ ఇంట్లోనైనా కుశల ప్రశ్నల వెంటనే వినిపించే మాట ఒకటుంది. ‘‘అయ్యగారూ, టీ పెట్టమంటారా?’’ అని. ఆ ఇంట్లో పెళ్లి కుదిరినా అదే మాట, పిల్లాడు పరీక్ష తప్పినా అదే మాట. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింటివాళ్లు ఫ్లాస్కు నిండా టీ, నాలుగు గ్లాసులు పట్టుకొస్తారు. ఏడ్చి ఏడ్చి గొంతు ఎండిపోయిన తల్లి చేతికి గ్లాసు అందించి ‘‘రెండు గుక్కలు తాగమ్మా’’ అని బతిమాలతారు. మేము తెరవబోయే బైబిలు కన్నా ముందు ఆమెను చేరేది ఆ రెండు గుక్కల టీయే. ముప్పై ఏళ్ల పరిచర్యలో ఇది మేము చూస్తూనే ఉన్నాం.

విశ్వాసం, ప్రార్థన, రక్షణ గురించి మాట్లాడుకునే చోట టీ ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. దేవుని రాజ్యం తిండిలో, పానీయంలో లేదని పౌలే రోమా సంఘానికి రాశాడు కదా (రోమా 14:17)! నిజమే. అయితే ఆ పౌలే తిమోతికి రాస్తూ, దేవుడు చేసినవాటిలో మనం అసహ్యించుకోవలసింది ఏదీ లేదని, కృతజ్ఞత చెప్పి అందుకోవడమే మన పని అని బోధించాడు (1 తిమోతి 4:4). ఈ రెండు మాటలనూ కలిపి చదువుకోవాలి. టీ వల్ల పరలోకం రాదు. అలాగని అలసిన వేళ చేతికొచ్చిన వేడి కప్పు దేవునికి సంబంధం లేని సంగతీ కాదు.

ఏలీయా ప్రవక్తను గుర్తు చేసుకోండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూసినవాడు. అంతటివాడూ యెజెబెలు రాణి బెదిరింపు వినగానే ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయాడు. ఒక బదరీ చెట్టు కింద కూలబడి, బతికింది చాలు, నా ప్రాణం తీసుకో ప్రభువా అని వేడుకుని నిద్రపోయాడు (1 రాజులు 19). అప్పుడు దేవుడేం చేశాడు? మందలించలేదు, ప్రసంగం చేయలేదు. ఒక దూతను పంపి తట్టి లేపించాడు. లేచి చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు! తిని, తాగి మళ్లీ పడుకున్నాడు. దూత మరోసారి వచ్చి లేపి మళ్లీ తినమన్నాడు. ముందున్న ప్రయాణం ఆయన శక్తికి మించినదని దేవునికి తెలుసు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం ఏలీయాకు వినిపించింది ఆ తర్వాత నలభై రోజులు నడిచాకే. ఆ నడకకు బలమిచ్చింది వేడి రొట్టె, గుక్కెడు నీళ్లు.

మన ప్రభువు చేసిందీ అదే. రాత్రంతా వలలు లాగి, తెల్లవారేసరికి నీరసించిపోయిన శిష్యుల కోసం పునరుత్థానుడైన యేసు తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు, రొట్టె సిద్ధంగా ఉంచాడు (యోహాను 21). తనను ప్రేమిస్తున్నావా అని పేతురును ఆయన అడిగింది ఆ భోజనమయ్యాకే. మనిషికి ఆత్మతోపాటు ఆకలి, అలసట ఉన్నాయని మన దేవుడు ఎన్నడూ మరచిపోలేదు.

ఒకే ఆకు, ఎన్నో రుచులు

టీ సంగతికి వద్దాం. మనం బ్లాక్ టీ, గ్రీన్ టీ, ఊలాంగ్ టీ అని వేర్వేరు పేర్లతో కొంటున్నాం కానీ వాటికి వేర్వేరు మొక్కలు లేవు. అన్నీ కెమేలియా సినెన్సిస్ అనే ఒకే జాతి మొక్క ఆకులే. కొమ్మ చివర రెండు లేత ఆకులను, ఒక మొగ్గను కోస్తారు. కోసిన కాసేపటికే ఆకుకు వేడి తగిలిస్తే పచ్చదనం నిలిచి గ్రీన్ టీ అవుతుంది. వాడబెట్టి, నలిపి, గాలి బాగా తగలనిచ్చి, ఆ తర్వాత వేడితో ఆరబెడితే బ్లాక్ టీ అవుతుంది. రెంటికీ మధ్యలో ఆపితే ఊలాంగ్. మన వంటింటి డబ్బాల్లో సన్నటి గింజల్లా ఉండే పొడిని సీటీసీ అంటారు. ఆకును యంత్రంలో నలిపి, చీల్చి, గింజల్లా చుట్టే ఈ పద్ధతి 1930లలో అస్సాంలో మొదలైంది. చిక్కటి పాలు పోసినా వన్నె తగ్గని రంగు, వగరు ఈ పొడికి ఉన్నాయి. అందుకే మనకు ఇది నచ్చింది.

ఆ పొడితోనే ఒక్కో ఇల్లాలు ఒక్కో రుచి తెస్తుంది. అల్లం టీ పెట్టే పద్ధతి చూడండి. పచ్చి అల్లం నేరుగా పాలల్లో వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది. అందుకే ముందు అల్లం దంచి నీళ్లలో వేసి, ఘాటు దిగేదాకా మరిగించి, టీ పొడి వేసి, ఆపైన పాలు పోస్తారు. వాన పడుతున్న సాయంత్రానికి, పట్టేసిన గొంతుకు ఇదే మందు. యాలకుల టీ చుట్టాలొచ్చిన పూట కోసం. బెల్లం టీ అయితే పొయ్యి మీద నుంచి దించాక బెల్లం కలపాలి, లేకపోతే అదీ విరుగుతుంది. పాలు లేని డికాక్షన్‌లో నిమ్మచెక్క పిండితే ఎర్రటి రంగు చూస్తుండగానే తేనె రంగులోకి మారుతుంది. పెరట్లో నిమ్మగడ్డి ఉన్నవాళ్లు నాలుగు ఆకులు తుంచి వేసుకుంటారు. ఇక హైదరాబాద్, సికింద్రాబాద్ వెళ్లినవారికి ఇరానీ చాయ్ సంగతి చెప్పనక్కర్లేదు. డికాక్షన్‌ను మూతపెట్టి దమ్ మీద ఉంచుతారు, పాలను విడిగా చిక్కగా కాస్తారు, కప్పులో రెంటినీ కలుపుతారు. పక్కన ఉస్మానియా బిస్కట్ ఉండాల్సిందే. ఇరాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు హోటళ్లు తెరిచి ఆ నగరానికి అలవాటు చేసిన రుచి అది.

మన ఊళ్లు దాటి వెళితే ఇంకెన్ని రుచులో! కశ్మీరులో కుంకుమపువ్వు, యాలకులు, దాల్చినచెక్క, బాదం వేసిన కహ్వా ఒకటి, ఉప్పు, సోడా వేసి గులాబీ రంగు వచ్చేదాకా కాచే నూన్ చాయ్ ఇంకొకటి. టిబెట్‌వారు వెన్న, ఉప్పు కలిపి చిలుకుతారు. మొరాకోవారు గ్రీన్ టీలో పుదీనా వేసి తియ్యగా తాగుతారు. ఇంగ్లండువారి ఎర్ల్ గ్రే టీకి బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనెతో వాసన పట్టిస్తారు.

వీటన్నిటిలో రెండు రుచులు పుట్టే తీరు మమ్మల్ని ఎంతో ఆలోచింపజేసింది. మొదటిది చైనావారి మల్లె టీ. అందులో వాడేది మన మల్లె జాతి పువ్వే. పగలు కోసిన మొగ్గలను సాయంత్రం టీ ఆకుతో కలిపి ఉంచుతారు. రాత్రి మొగ్గలు విచ్చుకుంటాయి. ఆ వాసననంతా ఆకు మెల్లగా పీల్చుకుంటుంది. తెల్లవారాక వాడిన పువ్వులను ఏరేసి ఆకును ఆరబెడతారు. మేలురకం కోసం ఇదే పనిని కొత్త మొగ్గలతో ఎన్నో రాత్రులు చేస్తారు. మంచివారి పక్కన కొంతకాలం నిశ్శబ్దంగా ఉంటే చాలు, వారి సువాసన మనకూ అంటుతుంది. వారు వెళ్లిపోయాక కూడా అది మనలో మిగులుతుంది.

రెండోది డార్జిలింగ్ కొండల్లో వేసవి మొదట్లో కోసే టీ. దానికి ఒక ప్రత్యేకమైన ద్రాక్షపండు వాసన ఉంటుందని, మస్కటెల్ అని దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. ఆ వాసనకు ఒక కారణం చిన్న పచ్చపురుగు. అది లేత ఆకు రసం పీలుస్తుంది. గాయపడిన ఆకు తనను కాపాడుకోవడానికి కొన్ని సుగంధ పదార్థాలను తయారు చేసుకుంటుంది. పురుగు కుట్టిన ఆకే ఎక్కువ ధర పలుకుతుంది! శ్రమ ఓర్పును, ఓర్పు నిరీక్షణను పుట్టిస్తాయని పౌలు చెప్పిన క్రమం (రోమా 5) మనలో ఎందరికో పుస్తకంలో చదివిన సంగతి. కొందరికి మాత్రం అది బతికి తెలుసుకున్న సంగతి. అలాంటి ఒకరి గురించి ఇక్కడ చెప్పాలి.

అర గ్లాసు భాగ్యం

మా సంఘంలో ఒక సహోదరుడున్నారు. ఒకప్పుడు లారీ నడిపేవారు. రెండు మూత్రపిండాలూ పాడై ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళుతున్నారు. ఆ జబ్బున్నవారికి దాహం ఎక్కువ, తాగే హక్కు తక్కువ. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి, రోజు మొత్తంలో ఎంత తాగవచ్చో డాక్టర్లు కొలిచి చెబుతారు. మజ్జిగ, చారు, మాత్ర మింగడానికి తాగే గుక్క కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆ కొద్దిపాటి లెక్కలోంచే ఆయన రోజూ అర గ్లాసు టీ కోసం వాటా తీసి పక్కన పెట్టుకుంటారు. డాక్టరును అడిగే చేస్తున్నారు.

మేము చూడ్డానికి వెళ్లినప్పుడు సాయంత్రం నాలుగైంది. వాళ్లావిడ మాకు నిండు గ్లాసు ఇచ్చింది. ఆయనకు మందు సీసా మూతతో కొలిచి పోసింది. ఆ రోజు యాలకుల టీ. ఆసుపత్రికి వెళ్లొచ్చిన రోజు అల్లం టీ, వెళ్లని రోజు యాలకులు, ఆదివారం దాల్చినచెక్క అట. ఆ వరస ఆయనే పెట్టుకున్నారు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ముందు వాసన చూశారు. కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పారు. ఆ అర గ్లాసూ తాగడానికి పావుగంట పైనే పట్టింది.

‘‘డ్రైవింగులో ఉన్నప్పుడు రోజుకు పది టీలు తాగేవాణ్ని అయ్యగారూ’’ అన్నారు. ‘‘ఒక్కదాని రుచీ గుర్తులేదు. ఇప్పుడు మొన్నటి టీ ఎలా ఉందో కూడా చెప్పగలను.’’ కాసేపాగి, ‘‘రాత్రి పడుకునేటప్పుడు రేపటి సంగతి తలుచుకుంటే భయమేస్తుంది. రేపు ఏ టీ అని అనుకుంటాను. అప్పుడు నిద్ర పడుతుంది’’ అన్నారు.

అది విని మేము ఏ బోధా చేయలేదు. మనిషి తన కష్టం మధ్య తిని, తాగి, సుఖమనుభవించడం దేవుడిచ్చే బహుమానమని ప్రసంగి గ్రంథం పలుమార్లు చెబుతుంది (ప్రసంగి 2:24, 3:13). ఆ గ్రంథం మీద వేదాంత కళాశాలలో పాఠాలు విన్నాం. దాని అర్థాన్ని అర గ్లాసులో చూపించినవాడు ఈ సహోదరుడు. పెద్ద పెద్ద దీవెనల కోసం ఉపవాసముండి ప్రార్థించే మనం, రోజూ అందుతున్న చిన్న దీవెనలను టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ గుటకాయించేస్తున్నాం. వాటికీ ఒక స్తోత్రం బాకీ ఉన్నాం.

వెస్లీ టీ మానిన కాలం

అయితే చిన్న సుఖాలకూ ఒక లెక్క ఉందని గుర్తు చేసిన భక్తుడు ఒకాయన ఉన్నాడు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ (1703-1791). మెదక్‌లో దేవాలయం కట్టిన వెస్లియన్ మిషనరీలు ఆయన బాటలో వచ్చినవారే. ఆయన కాలానికి ఇంగ్లండులో పేదలకు కూడా టీ వ్యసనంగా మారింది. అప్పట్లో అది ఖరీదైన సరుకు. పూట గడవనివాళ్లు కూడా టీ కోసం ఖర్చు పెట్టడం చూసి వెస్లీ బాధపడ్డాడు. టీ తాగితే తన చేతులు వణుకుతున్నాయని కూడా గమనించాడు. 1746లో లండనులోని సంఘస్థులతో మాట్లాడి, టీ మానేసి, మిగిలిన డబ్బు బీదలకు ఇద్దామని ప్రతిపాదించాడు. ముందు తానే మానేశాడు. ఇరవై ఆరేళ్ల అలవాటు ఊరికే పోతుందా? మూడు రోజులు తలనొప్పితో, మగతతో బాధపడ్డాడు. 1748లో దీని గురించే ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు.

కథ అక్కడితో ఆగలేదు. సుమారు పన్నెండేళ్ల తర్వాత ఫాదర్‌గిల్ అనే వైద్యుని సలహాతో వెస్లీ మళ్లీ టీ తాగడం మొదలుపెట్టాడు. లండనులో ఆయన నివసించిన ఇంట్లో ఆయన వాడిన పెద్ద టీ కెటిల్ ఒకటి నేటికీ భద్రంగా ఉంది. భోజనానికి ముందు, తర్వాత చేసే ప్రార్థనలు దాని మీద రాసి ఉన్నాయి. గ్యాలను టీ పట్టేంత పెద్దది! ఒంటరిగా తాగేవాడికి అంత కెటిల్ దేనికి? ఆదివారం ఉదయం తన బోధకులందరితో కూర్చుని తాగడానికి.

వెస్లీ టీ మానినప్పుడూ, మళ్లీ తాగినప్పుడూ ఆయన మనసులో ఉన్నది ఒక్కటే ప్రశ్న. నా కప్పుకు, నా పక్కవాడికి ఉన్న సంబంధం ఏమిటి? మానినప్పుడు ఆ డబ్బు పక్కవాడి ఆకలికి వెళ్లాలన్నాడు. తాగినప్పుడు పక్కవాణ్ని కూర్చోబెట్టుకుని తాగాడు. సుఖం పాపమా, పుణ్యమా అని వాదించుకునేకన్నా ఈ ప్రశ్న వేసుకోవడం మేలు.

దావీదు తాగని నీళ్లు

దావీదు కూడా ఒక చిన్న సుఖం కోసం తహతహలాడాడు. అదుల్లాము గుహలో దాక్కున్న రోజుల్లో, బేత్లెహేము ఊరి గవిని దగ్గరున్న బావి నీళ్లు ఎవరైనా తెచ్చిస్తే బాగుండునని అన్నాడు (2 సమూయేలు 23). అది పుట్టిన ఊరి నీళ్ల రుచి మీద బెంగ. పరాయి దేశాల్లో ఉద్యోగాలు చేస్తూ మన ఊరి బడ్డీ కొట్టు అల్లం టీ కోసం మొహం వాచిన పిల్లలకు ఆ బెంగ బాగా తెలుసు. ఆ మాట విన్న ముగ్గురు వీరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకుని వెళ్లి ఆ నీళ్లు తెచ్చారు. దావీదు వాటిని తాగలేకపోయాడు. ప్రాణాలకు తెగించి వెళ్లినవారి రక్తంతో సమానమని, దేవుని ఎదుట పారబోశాడు.

మన కప్పు వెనక కూడా మనుషులున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో అస్సాం అడవులు నరికి తేయాకు తోటలు వేసినప్పుడు, దళారులు ఎక్కడెక్కడి నుంచో పేదలను కూలీలుగా తరలించారు. అలా వెళ్లినవారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల మన తెలుగువాళ్లూ ఉన్నారు. దారిలో కొందరు, తోటల్లో జ్వరాలతో మరికొందరు రాలిపోయారు. మిగిలినవారి సంతతి అక్కడే స్థిరపడింది. ఇవాళ్టికీ తోటల్లో ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. వీపున బుట్ట, నెత్తిన ఎండ లేదా వాన. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున వారి వేళ్లు తుంచితేనే మన ఉదయం మొదలవుతుంది.

అందుకని మనం టీని పారబోయనక్కర్లేదు. టీకి ముందు చేసే చిన్న ప్రార్థనలో ఆ తల్లుల కోసం ఒక మాట కలపవచ్చు. టీ కొట్టులో గ్లాసులు కడిగే కుర్రాడు బడికి వెళ్లే వయసువాడైతే, అతని చదువు గురించి కొట్టు యజమానిని ఒక మాట అడగవచ్చు.

రెండు గ్లాసులు

ఇప్పుడు చెప్పబోయేది మన సంఘాల్లోని పెద్దవాళ్లకు కొత్త సంగతి కాదు. పిల్లలకు మాత్రం తెలియాలి. మన పల్లెల్లో టీ కొట్టు వెలిసిన కొత్తలో ఆ కొట్టులో రెండు రకాల గ్లాసులుండేవి. ఊరివాళ్లకు లోపల బల్ల మీద ఒక గ్లాసు. మాల, మాదిగ పేటలవాళ్లకు బయట చూరు కింద వేరే గ్లాసు, కొన్నిచోట్ల కొబ్బరి చిప్ప. టీ పైనుంచి పోసేవారు, తాకకుండా. తాగినవాడే కడిగి బోర్లించి వెళ్లాలి. డబ్బు మాత్రం ఇద్దరికీ ఒకటే! రాజ్యాంగం 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటళ్లలో కులం పేరుతో అడ్డుకోకూడదని చెప్పింది. 1955లో ఒక చట్టం, 1989లో మరింత గట్టి చట్టం వచ్చాయి. అయినా రెండు గ్లాసులు ఎన్నో ఊళ్లలో ఎన్నో ఏళ్లపాటు అలాగే ఉండిపోయాయి.

మా సంఘంలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు చిన్నప్పటి సంగతి చెబుతుంటారు. నాట్లప్పుడు వానలో తడిసి వణుకుతూ టీ కొట్టు దగ్గరికి వెళితే, చూరు కింద గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడాల్సి వచ్చేదట. లోపల బల్ల మీద అరడజను గ్లాసులు ఖాళీగా ఉన్నా సరే. ‘‘టీ వేడిగానే ఉండేది బాబూ, తాగితే మాత్రం చలి తగ్గేది కాదు’’ అంటారాయన. మాకు తెలిసి, టీ గురించి ఇంతకంటే లోతైన మాట ఎవరూ అనలేదు. ఆదరణ అనేది టీలో సగమే ఉంటుంది. మిగిలిన సగం ఇచ్చే చేతిలో ఉంటుంది.

సమరయ స్త్రీ దగ్గర మన ప్రభువు చేసింది ఈ వెలుగులో చూడండి (యోహాను 4). యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని రోజులవి. ఎండ మండే మధ్యాహ్నం, బావి గట్టు మీద కూర్చున్న యేసు దగ్గర చేదుకునే పాత్ర లేదు. ఆయన ఆమెను దాహం అడిగాడు. అంటే ఆమె కుండలోవి, ఆమె చేతివి తాగడానికి సిద్ధపడ్డాడు. ఆమె ఆశ్చర్యపోయింది. జీవజలం గురించిన ఆ గొప్ప బోధ అంతా ఆ తర్వాతే మొదలైంది. ముందు ఆయన గ్లాసుల తేడా చెరిపేశాడు, తర్వాత సువార్త చెప్పాడు.

మన ముత్తాతలు క్రీస్తు దగ్గరికి వచ్చిన కారణాల్లో ఇదొకటి. ఒకే బల్ల, ఒకే రొట్టె, ఒకే పాత్ర. ఆదివారం ఆరాధన తర్వాత చెట్టు కింద అందరికీ ఒకే కెటిల్లోంచి, ఒకే రకం స్టీలు గ్లాసుల్లో టీ పోస్తుంటే మనకది మామూలు సంగతి. ఆ పెద్దాయనకు కాదు. ఆయన గ్లాసు అందుకుని, కాసేపు చేతిలో అలా ఉంచుకుని, అప్పుడు తాగుతారు.

అయితే మన ఇళ్ల సంగతేమిటి? ఇది కాస్త నొప్పించే ప్రశ్న, అయినా అడగక తప్పదు. మన వంటింటి కిటికీ గట్టు మీద, గిన్నెలు తోమే అమ్మాయికని విడిగా పెట్టిన సొట్ట గ్లాసు ఒకటి లేదా? మనకు యాలకుల టీ పెట్టుకుని, ఆమెకు అడుగున మిగిలిన డికాక్షన్‌లో నీళ్లు కలిపి పోయడం లేదా? కూడికలకు వచ్చిన పెద్ద ఉద్యోగులకు పింగాణీ కప్పులు, బిస్కట్లు, షామియానా వేసే కుర్రాళ్లకు చల్లారిన పేపరు గ్లాసులు ఇవ్వడం లేదా? బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాణ్ని మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ని నిలబెట్టిన సంఘాన్ని యాకోబు గట్టిగా నిలదీశాడు (యాకోబు 2). కొరింథులో ప్రభువు బల్ల దగ్గరే ఒకడు ఆకలితో, ఇంకొకడు తాగిన మత్తులో ఉంటే, మీరు చేస్తున్నది ప్రభువు విందు కాదని పౌలు తేల్చేశాడు (1 కొరింథీ 11). చూరు కింద గ్లాసు పట్టుకుని నిలబడినవారి మనుమలం మనలో ఎందరమో ఉన్నాం. మన కిటికీ గట్టు మీద ఆ గ్లాసు ఉండకూడదు.

నేటి టీ వేళకు

చిన్న ఆదరణలను దేవుని చేతి నుంచి అందుకోవడానికి మనకు కావలసింది కాస్త జ్ఞానం, కాస్త ప్రేమ. అన్నీ చేసే స్వేచ్ఛ ఉన్నా దేనికీ బానిసను కానని పౌలు అన్నాడు (1 కొరింథీ 6:12). టీ పడకపోతే ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడే స్థితికి వస్తే అది ఆదరణ కాదు, సంకెల. భోజనం చేసిన వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు కాబట్టి, రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, ఆడపిల్లలు గంటసేపైనా ఆగి తాగడం మంచిది. షుగరు ఉన్నవారికి చక్కెర లేని అల్లం డికాక్షన్‌లో కూడా రుచి ఉంది, వెతికితే దొరుకుతుంది.

ఇంట్లో అందరికీ వేడి వేడిగా అందించి, తన గ్లాసు మాత్రం పొయ్యి పక్కన చల్లారిపోయాక ఒక్క గుక్కలో తాగే ఇల్లాలి సంగతి కూడా ఆలోచించండి. ఆమెకు ఏ టీ ఇష్టమో మీకు తెలుసా? తెలియకపోతే ఈ సాయంత్రం అడగండి. వీలైతే మీరే పెట్టివ్వండి. ఆమె పొయ్యి దగ్గర నుంచొని కాకుండా కూర్చుని తాగే ఏర్పాటు చూడండి. మూల గదిలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు టీ ఇచ్చేసి వెళ్లిపోకుండా, వారి గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చోండి. వారికి టీ కన్నా ఆ పది నిమిషాలు ఎక్కువ ఆదరణ.

తన శిష్యుడని ఒకరికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడి ప్రతిఫలం పోదని యేసుప్రభువు మాట ఇచ్చాడు (మత్తయి 10:42). ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఎంత చిన్నదో చూడండి! పరలోకపు లెక్కల పుస్తకంలో గిన్నెడు నీళ్లకు చోటుంటే, ప్రేమతో ఇచ్చిన ఒక గ్లాసు టీకీ చోటుంటుంది. కాబట్టి ప్రియులారా, ఇవాళ టీ పెట్టేటప్పుడు కిటికీ గట్టు మీది ఆ గ్లాసు తీసేయండి. ఇంటిల్లిపాదికీ పోసే గ్లాసుల వరసలోనే మరో గ్లాసు పెట్టి, అదే టీ అందులోనూ పోసి, పనిచేసే ఆ అమ్మాయి చేతికి అందించి, ‘‘కూర్చుని తాగమ్మా’’ అనండి.